గ్రీజు పూసిన స్టెప్నీ

ఆ ఏడు మృగశిర వచ్చిన నాలుగో రోజు మా పికప్పు ఒర్రె, అదే చిన్న వాగు, దాటి గట్టెక్కుతుండగా వెనక చక్రంలో మేకు దిగింది. బండిలో తొమ్మిదిమంది ఆడవాళ్లు, వాళ్ల కూరగాయల గంపలు ఉన్నాయి. స్టెప్నీ లేదు. మా ఆయన ఎల్లేశం చక్రం విప్పి భుజాన వేసుకుని, నాలుగు మైళ్లు నడిచి ఖని పట్నంలో బిక్షం అన్న టైర్ల దుకాణానికి పోయి, పంచరు వేయించుకుని తిరిగి వచ్చేసరికి ఎండ నడినెత్తికి ఎక్కింది. తోటకూర వాలిపోయింది. బొగ్గుబాయిలో రాత్రి షిఫ్టు చేసి వచ్చినవాళ్లు అంగడిలో ఉన్న కూర కొనుక్కుని ఇళ్లకు పోయి, వండుకుని, తిని నిద్రపోయారు కూడా.

ఆ సాయంత్రం కనకవ్వ మా క్వార్టరుకు వచ్చింది. గోదావరి ఒడ్డు ఊళ్లలో కూరలు పండించి అమ్ముకునే ఆడవాళ్లకు ఆమె మాటే మాట. లోపలికి రమ్మంటే రాలేదు. ఖాళీ గంప బోర్లించి దాని మీద కూర్చుంది.

“ఏం ఎల్లేశం, నీ బండి ఎక్కింది అంగడికి పోనీకా, ఒర్రె కాడ కూసోని ముచ్చట పెట్టనీకా?”

“మేకు దిగింది పెద్దవ్వా. నేనేం జేత?”

“మేకు దిగుతది. రోడ్డన్నంక దిగదా? బండన్నంక ఇంకో చక్రం ఉండదా?” ఆమె గొంతు పెంచలేదు. “ఇంకొక్కపారి గిట్లయితే మేమందరం లారీ ఎక్కుతం కొడకా. నీ మీద కోపం లేదు. వాడిన కూరను ఎవ్వలు కొనరు, గంతే.”

నేను తలుపు వెనక నిలబడి విన్నాను. పెళ్లయి ఆ ఇంటికి వచ్చి రెండేళ్లయినా నేను ఎక్కువగా తలుపు వెనకే ఉండేదాన్ని. మా మామ పోశం ముందు నిలబడి మాట్లాడిందే లేదు. ఆయనకు ఏమైనా చెప్పాలంటే అత్తకు చెప్పేదాన్ని. అత్త ఆయనకు చెప్పేది. మాలో కోడళ్లందరూ అంతే.

మామ పాతికేళ్లు బాయిలో హాలేజి తాడు చూసిన మనిషి. బొగ్గు టబ్బులను వాలు మీద పైకి లాగే ఉక్కు తాడు అది. దానికి గ్రీజు పెట్టడం, తీగ ఎక్కడ తెగుతున్నదో చూడడం, తెగితే అల్లడం ఆయన పని. మాఘమాసంలో రెండు టబ్బుల నడుమ ఆయన కుడిచెయ్యి నలిగింది. దవాఖానలో చెయ్యినైతే మిగిల్చారు గాని, అందులో పట్టు పోయింది. వేళ్లకు తాకిడి తెలియదు. అన్‌ఫిట్ చేసి ఇంటికి పంపారు. ఆయన జాగాలో కొడుకు డ్యూటీ ఎక్కవచ్చు. ఎక్కుతాడో లేదో దసరా లోపల ఆఫీసులో చెప్పాలి. ఎక్కకపోతే క్వార్టరు వదలాలి.

అత్త సారవ్వ ఎక్కాలంటుంది. నెల తిరిగేసరికి జీతం, నెత్తి మీద కప్పు, జ్వరమొస్తే దవాఖాన. ఆమె చెప్పేదాంట్లో తప్పేమీ లేదు. మామ వద్దంటాడు. “నా చెయ్యి తిన్నది చాలదా? నా ఇంట్ల నుంచి ఇగ ఎవ్వలు దిగరు” అని ఒకసారి అన్నాడు, మళ్లీ అనలేదు. అందుకే దెబ్బకు వచ్చిన పైకంతో మిలటరీవాళ్లు వేలం వేసిన పాత జీపు కొన్నాడు. దాని వెనక భాగం కోసి చెక్కపెట్టె బిగించి పికప్పు చేశారు. దసరా దాకా కనకవ్వవాళ్లు ఆ బండి వదలకుండా ఉంటే మామ మాట నిలుస్తుంది. వాళ్లు లారీ ఎక్కితే మా ఆయన నెత్తికి లైటు కట్టుకుని బాయిలో దిగాలి. నన్నెవరూ అడగలేదు. తట్టుకోలేక పొద్దున పొయ్యి ముందు కూర్చున్నప్పుడు నాలో నేనే జవాబు చెప్పుకునేదాన్ని.

*

మర్నాడే బిక్షం అన్న దగ్గరి నుంచి చక్రం వచ్చింది. కొత్తది కాదు. అరిగిన టైరు మీద కొత్త రబ్బరు పొర అతికించినది.

“పక్కకు బిగిద్దాం బాపూ” అన్నాడు మా ఆయన.

“పక్కన బిగించే కమ్మీ విరిగి ఎన్నేండ్లాయెనో. పెట్టెల ఏస్తే రెండు గంపల జాగ పాయె. బండి కిందనే వేలాడదియ్యాలె.”

“కింద రాళ్లు తగుల్తయి గదా.”

“ఊగితే తగుల్తయి. ఊగకుంట కడ్తే ఎందుకు తగుల్తయిరా?”

మామ కమ్మరి దగ్గర కూర్చుని రెండు ఇనుపపట్టీలు, టబ్బుకూ టబ్బుకూ తగిలించేలాంటి కొక్కెం ఒకటి చేయించుకొచ్చాడు. వాకిట్లో బండి కింద వెల్లకిలా పడుకుని ఎడమచేత్తో చూపిస్తుంటే మా ఆయన బిగించాడు. గాలి కొట్టే వాల్వు పుల్ల పైకే ఉండాలన్నాడు. కిందికుంటే రాయి తగిలి విరుగుతుందట. గొలుసు ఎంత గట్టిగా లాగినా ఇంకా లాగమన్నాడు. అంగడిలో దొంగలు ఎత్తుకుపోకుండా కొక్కేనికి తాళం పెట్టించాడు.

అత్త గడపలో నిలబడి చూసి చూసి అన్నది: “తండ్రీకొడుకులు బండి కింద సంసారం పెట్టిండ్రు. అన్నం గూడ ఆడికే పంపాల్నా?”

“పంపు. తొక్కు మర్చిపోకు” అన్నాడు మామ కింది నుంచి.

బయటికి వచ్చాక ఆ చక్రాన్ని కాలితో తన్నాడు. అది కదల్లేదు. అప్పుడు నవ్వాడు. చెయ్యి నలిగిన తర్వాత ఆయన నవ్వగా నేను చూడడం అదే మొదలు.

“మట్టి కొట్టకుంట దీనికొక అంగి కావాలె. పిల్లకు కుట్టస్తదంటివి గదా, కుట్టుమను” అని అత్తతో అన్నాడు. నేను నాలుగడుగుల దూరంలోనే ఉన్నాను. అయినా అత్త నావైపు తిరిగి, “ఇన్నవా? కుట్టు” అన్నది.

బాయిలో గాలి మళ్లించడానికి తెరలుగా కట్టే మందపు గుడ్డ ముక్క ఒకటి మా స్నానాల దడికి వేలాడుతుండేది. దాన్ని విప్పి ఉతికి, దబ్బనంతో గుండ్రంగా కుట్టాను. మూతికి నాడా ఎక్కించాను. చక్రానికి తొడిగి నాడా లాగితే మూట కట్టినట్టు ముడుచుకుంది.

ప్రతి ఆదివారం దాన్ని కిందికి దించేవాళ్లం. నేను నాడా విప్పి తొడుగు తీసేదాన్ని. మామ ముక్కాలిపీట మీద కూర్చుని, డబ్బాలో గ్రీజు తీసి, కుడి అరచేత్తో రుద్దేవాడు. ఆ చెయ్యి ఆడిస్తూ ఉండమని డాక్టరు చెప్పాడు. ముందు గొలుసుకు, తర్వాత ఇనుపచట్రానికి, ఆ తర్వాత టైరు చుట్టూ, ఒక్క వేలెడు జాగా వదలకుండా. పసిపిల్లకు ఒళ్లు రుద్దినట్టు రుద్దేవాడు. వాననీళ్లు ఊరే వాలులో ఉక్కు తాడును పాతికేళ్లు కాపాడింది ఆ గ్రీజే. “గ్రీజు పెట్టిన తాడు నా చేతుల ఏనాడన్న తుప్పు పట్టిందా?” అని పక్క క్వార్టరు సదయ్య కాకతో అంటుంటే విన్నాను. సదయ్య కాక కూడా తల ఊపాడు. వారం రోజుల అలసటతో మా ఆయన ఆ వేళ మంచం దిగేవాడు కాదు. నాన్న గొలుసుకు గ్రీజు పెడుతున్నాడనుకునేవాడు. నాకూ అందులో తప్పు తోచలేదు. నల్లగా నిగనిగలాడుతూ ఆ చక్రం కొత్తదాని కన్నా బాగుండేది.

జూన్ పోయింది, జులై సగమైంది. బండి రోజూ పొద్దున నాలుగింటికి పోయి ఆరింటికల్లా అంగడిలో ఉంటున్నది. కనకవ్వ మా ఆయన కోసం రెండు దోసకాయలు, గుప్పెడు చిక్కుడుకాయలు పక్కకు తీసి పెడుతున్నది. అత్త వాటిని చూసి, “కూరగాయలతోని క్వార్టర్ నిలవదు” అనేది గాని, కోసి వండేటప్పుడు మాత్రం బాగున్నాయనేది.

*

ఆరో ఆదివారం తొడుగు వేస్తుంటే నా బొటనవేలు టైరులోకి దిగింది.

గ్రీజు మందం అనుకున్నాను. కొంగుతో తుడిచి మళ్లీ నొక్కాను. నానబెట్టిన శనగగింజ లాగా మెత్తగా లోపలికి పోయింది. తీశాక గుంట అలాగే ఉంది. అంచు దగ్గర అతికించిన పొర ఉబ్బి లేచింది. వేలితో లాగితే చిక్కుడు ఈనె తీసినట్టు ఇంత ముక్క ఊడివచ్చింది. మామ అప్పటికే చెయ్యి కడుక్కోవడానికి బావి దగ్గరికి పోయాడు. ఆ చేతికి రాయీ, పిండీ ఒక్కటే. ఆయనకు తెలిసే దారి లేదు.

ముక్కను కొంగున ముడివేసుకున్నాను. మర్నాడు కిరసనాయిలుకు పోతూ బిక్షం అన్న దుకాణం ముందు ఆగాను.

“అన్నా, ఇది ఏమైందో చూస్తవా?”

బిక్షం అన్న దాన్ని వాసన చూశాడు. రెండు వేళ్ల మధ్య పెట్టి నలిపాడు. అది మైనంలా సాగింది.

“గ్రీజు తాగింది చెల్లె. తోలుకైతే నూనె మంచిది, ఇనుముకైతే మంచిది. రబ్బరుకు తగిలితే గింతే, ఉబ్బుతది, కుళ్లుతది. ఎవలు పూసిండ్రు?”

నేను చెప్పలేదు. “ఈ టైరు ఎక్కిచ్చి నడిపిస్తే?” అన్నాను.

“ఉత్త బండైతే రెండు మైళ్లు పోతదేమో. తొమ్మండుగురు ఎక్కిన బండైతే పై పొర ఊడస్తది. ఒర్రె గట్టు మీద ఊడిందనుకో...” అని నా మొహం చూసి ఆగిపోయాడు. సుత్తె తీసుకుని అవసరం లేకపోయినా ఒక చట్రాన్ని కొట్టాడు.

ఇంటికి వచ్చే దారంతా ఒకటే ఆలోచన. మా ఆయనకు చెబితే నాన్న మీద అరుస్తాడు. అత్తకు చెబితే మామ మాట అక్కడితో ఆఖరు, బండి సంగతి నీకేం ఎరుక అని ఆయననే అంటుంది, మర్నాడే కొడుకును ఆఫీసుకు తోలుతుంది. చెప్పకపోతే ఏదో ఒక పొద్దున మేకు దిగుతుంది. ఆ వారం పప్పులో రెండుసార్లు ఉప్పు వేశాను. బండి తిరిగి వచ్చే చప్పుడు వినేదాకా చేతిలో పని సాగలేదు. ఆరు రోజులు మేకు దిగలేదు. దిగలేదు గనుక నోరు విప్పలేదు. నా తప్పు అది.

*

ఆదివారం నాడా విప్పి తొడుగు తీశాను. పక్కకు తప్పుకోకుండా అక్కడే కూర్చున్నాను. మామ గ్రీజు డబ్బా మూత తీస్తూ నన్ను చూశాడు. నేను కొంగు నెత్తి మీదికి లాక్కుని, టైరును గుడ్డతో తుడిచి, బొటనవేలు పెట్టి నొక్కాను. వేలు తీశాను.

గుంట అలాగే ఉండిపోయింది.

మామ వంగి చూశాడు. తాడులో ఒక్క తీగ తెగినా పది గజాల దూరం నుంచి గుర్తుపట్టే కళ్లు అవి. ఎడమచేతి వేలుతో తానూ నొక్కాడు. ఇంకోచోట నొక్కాడు. అంచు పట్టి లాగితే పొర లేచివచ్చింది. డబ్బా మూత పెట్టేశాడు.

“గ్రీజుతోనేనా?” అన్నాడు. అడిగింది నన్నే. చుట్టూ ఎవరూ లేరు.

“గ్రీజుతోనే మామా. బిక్షమన్నను అడిగిన.”

“ఎన్ని దినాలాయె నువ్వు చూడవట్టి?”

“పోయిన ఐతారం.”

“మరి చెప్పకపోతివి.”

నేను తల వంచుకున్నాను. “ఇంట్ల ఎవ్వలకు చెప్పలె మామా. మీరు వద్దంటే చెప్ప. బిక్షమన్న తాన ఇంకోటి దొరికేదాక...”

“వద్దు బిడ్డా.” ఆయన గొంతులో కోపం లేదు. “తాడుల ఒక్క పోగు తెగినట్టు కనవడ్డా నేను హాలేజి బందు పెట్టిచ్చేటోన్ని. ఓవర్‌మన్ తిట్టేది, షిఫ్టు పాయె అనేది. తిట్టనీ. కింద మనుషులుంటరు. గిప్పుడు తప్పు నాదని తాడు సంగతి దాస్తనా?”

లేచి నిలబడి, “ఎల్లేశం, బయటికి రా. మీ అవ్వను గూడ పిలువు” అన్నాడు.

అత్త విన్నది. విని టైరు చుట్టూ ఒకసారి తిరిగింది.

“నలభై దినాలు! ఇంటికచ్చిన అల్లునికి గూడ గంత సేవ చెయ్యరు. అది టైరా, తాడా?”

“తాడే అనుకున్న” అన్నాడు మామ.

“మరి ఇగ బండి మీద బతుకుతమంటవా? బండికి ఏం పెట్టాల్నో ఏం పెట్టద్దో తెల్వదాయె.” ఆమె కొడుకు వైపు తిరిగింది. “రేపు ఆఫీసుకు పా.”

మా ఆయన ముందు ఎర్రబడ్డాడు. అరుస్తాడనుకున్నాను. ఊడిన పొరను చేతిలోకి తీసుకుని చూసి, “బండి నడిపేది నేను అవ్వా. ఏడు ఐతారాల్ల ఒక్కనాడన్న వంగి చూసిన్నా? నాది సుత తప్పే” అన్నాడు. “దసరా ఇంక ఉన్నది. అప్పటిదాక ఆగు.”

*

సోమవారం పొద్దున మామ కూడా బండి ఎక్కాడు. ఎక్కుతూ, “పిల్లను గూడ రమ్మను. రోడ్డు మీద మేకులు చూసే కండ్లు కావాలె” అన్నాడు. ముందు సీట్లో ముగ్గురం ఇరుక్కుని కూర్చున్నాం. దారి పొడవునా నేను రోడ్డునే చూస్తూ ఉన్నాను.

ఊరి బయట ఆడవాళ్లు గంపలతో నిలబడి ఉన్నారు. మామ దిగి వాళ్ల ముందు నిలబడ్డాడు. నలిగిన చెయ్యి వెనక్కి పెట్టుకోలేదు.

“కనకవ్వా, బండికి స్టెప్నీ లేదు. ఉన్నది నేనే చెడగొట్టిన. గ్రీజు పూసిన. ఇంకోటి దొరికేదాక వారమో, పది దినాలో పడుతది. ఈ నడుమల మేకు దిగితే మళ్ల ఒర్రె కాడ కూసుంటరు. లారీల పోతమంటే పోండ్రి. నేను ఏమనుకోను.”

ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. లస్మవ్వ అనే ముసలామె ముందుగా నవ్వింది.

“గ్రీజు పూసినవా పోశన్నా? నా మొగడు సైకిల్ ట్యూబుకు ఆముదం రాసిండు. మెత్తగుంటదన్నడు. నీకు తోడున్నడులే.”

నవ్వులు తగ్గేదాకా కనకవ్వ గంపలో కూర సర్దింది. తర్వాత అన్నది: “నలుగురు బండ్లోళ్ల తోని తిరిగిన. బండి ఆగినంక అగో గిదయ్యింది, గదయ్యింది అని చెప్పినోళ్లే గని, ఎక్కకముందు చెప్పినోన్ని నిన్నే చూస్తున్న.” గంప ఎత్తి పెట్టెలో పెట్టింది. “లారోడు కంకర మీద గంపలు పెట్టమంటడు. మా తమ్ముని ఎద్దులబండి ఉన్నది, ఒర్రె అవతల నిలబెడ్త. నీ చక్రం పోతే గంపలు అండ్ల ఏస్తం. ఇంకో చక్రం వచ్చేదాక గట్లనే. ఎక్కుండ్రే, ఇంక ఏం చూస్తరు?”

గురువారం మేకు దిగనే దిగింది. ఒర్రె దాటి పావు మైలు పోయాక. కనకవ్వ తమ్ముడు ఎద్దులను కట్టి సిద్ధంగా ఉన్నాడు. గంపలు ఒక బండిలోంచి ఇంకో బండిలోకి మార్చడానికి పట్టింది పదినిమిషాలు. గంటకు పైగా ఆలస్యంగా అంగడికి చేరాయి. తోటకూర మీద నీళ్ల చుక్కలు ఇంకా ఆరలేదు. చక్రం మోసుకుంటూ ఎద్దులబండి వెనకే నడిచి వచ్చిన మా ఆయనను చూసి లస్మవ్వ, “నడువు కొడకా, జల్ది నడువు, ఎద్దులే నీకన్న ముంగట పోతున్నయి” అని దారంతా ఆటపట్టించిందట.

*

బిక్షం అన్న దగ్గర ఇంకో మంచి టైరు ఉంది గాని వెంటనే తీసుకునే స్థితి మాకు లేదు. మామ పోయి ఆ దుకాణంలో ఊరికే కూర్చుని వచ్చేవాడు. మూడో రోజున అక్కడ ఒక సంగతి జరిగింది. చెడిపోయిన లారీని ఇంకో లారీతో లాగుతుంటే తాడు కొస జారి, లారీ వెనక్కి వచ్చి దుకాణం గుంజకు తగిలింది. బిక్షం అన్న దగ్గర వేలంలో కొన్న పాత ఉక్కు తాడు చుట్ట చుట్టలుగా ఉంది. లాగడానికి దాన్ని ముక్కలు కోసి, కొసన ముడివేసి వాడుతున్నాడు.

“ఉక్కుకు ముడి ఏస్తే నిలుస్తదా బిక్షం? కొసకు ఉంగరం అల్లాలె” అన్నాడట మామ.

“అల్లేటోడు యాడున్నడు కాకా?”

మామ తన చెయ్యి చూసుకుని ఇంటికి వచ్చాడు. వాకిట్లో నేను అనపకాయలు ఒలుస్తున్నాను. తడిక అవతలి నుంచి అత్తను పిలవలేదు. సూటిగా నాతోనే అన్నాడు:

“బిడ్డా, నీకు జడ అల్లస్తది. తాడు అల్లస్తదా?”

“చూపెడితే వస్తది మామా.”

అత్త లోపలి నుంచి వచ్చి ఇద్దరినీ చూసింది. ఎప్పటి నుంచి మాట్లాడుకుంటున్నారని అడగబోయి మానేసింది.

మరుసటి రోజు నుంచి ఆరు మూరల తాడు ముక్కలు మా వాకిట్లోకి వచ్చాయి. తాడు కొస విప్పితే ఆరు పేటలు, నడుమ జనపనార. కొసను వెనక్కి వంచి గుండ్రంగా చేసి, మొనతేలిన కడ్డీతో తాడును తెరిచి, ఒక్కొక్క పేటను ఒకదాని మీది నుంచి ఒకదాని కిందికి దూర్చాలి. మామ ఎడమచేతి వేలుతో చూపిస్తాడు. నేను దూర్చి లాగుతాను. “గుంజు. ఇంక గుంజు. అది నీకు కోపమచ్చేదాక గుంజాలె.” మొదటిరోజు వేళ్లు కోసుకున్నాయి. మొదటి ఉంగరం సొట్టపోయింది. మామ దాన్ని చూసి, “నాది ఇంతకన్న సొట్ట ఉండె” అన్నాడు. మూడోది ఆయన కాలి కింద పెట్టి, రెండు దిక్కులా లాగి, తీగ తీగా చూసి, పక్కన పెట్టాడు. బాగుందనలేదు. నాలుగో ముక్క నా ముందుకు జరిపాడు.

అత్త రెండు రోజులు దూరం నుంచి చూసింది. మూడో రోజు నా వేళ్లకు పసుపు, నూనె తెచ్చి రాసింది. “ఆడిపిల్ల చేతులు, ఇనుప తాళ్లు. చూసినోళ్లు ఏమంటరో” అన్నది. సాయంత్రం పక్కింటి ఐలవ్వ వస్తే మాత్రం తాడు ఎత్తి చూపించింది. “ఇగో, మా కోడలు అల్లింది. లారీని గుంజుతది.”

నాలుగు తాళ్లకు బిక్షం అన్న టైరు ఇచ్చాడు. “గ్రీజు మాత్రం ఇయ్య కాకా” అన్నాడు. మామ నవ్వి, మరి దీనికి ఏం చెయ్యాలో చెప్పమన్నాడు. నీళ్లతో కడిగి ఆరనివ్వాలి. గొలుసుకు, కొక్కేనికి తప్ప ఇంకెక్కడా గ్రీజు తగలకూడదు. పదిహేను రోజులకోసారి దించి గాలి చూడాలి. బండి నిలిపి ఉంచితే ఎండ పడకుండా చూడాలి. మామ బడిపిల్లాడిలా ఒక్కొక్కటి తిరిగి అప్పజెప్పాడు. ఆ ఆదివారం నేను తొడుగును సబ్బుతో ఉతికి, గ్రీజు పోకపోతే ఆ గుడ్డ పారేసి కొత్తది కుట్టాను. ఈసారి మా ఆయన కూడా లేచి వచ్చి బండి కింద పడుకున్నాడు.

ఆ తర్వాత ఆగస్టులో ఒకసారి, సెప్టెంబర్‌లో రెండుసార్లు ఆ స్టెప్నీ బండిని నిలబెట్టింది. తాళ్లు మొదట బిక్షం అన్నకే అల్లాం. తర్వాత లారీ డ్రైవర్లు ఇంటికే వచ్చి అడగడం మొదలుపెట్టారు. మామను వాళ్లు ‘తాళ్ల పోశం’ అనేవారు. పొద్దున లేస్తే ఆయనకు పని ఉండేది. మంచం మీద కూర్చుని చెయ్యి వంక చూసుకోవడం తగ్గింది.

*

బతుకమ్మ పేర్చుకునే రోజులు వచ్చాయి. దసరాకు మూడు రోజులుందనగా, మధ్యాహ్నం పూట, అత్త గడప మీద కూర్చుని తంగేడు పూలు దూస్తున్నది. నేను ఎదురుగా గునుగు పూల కట్టలు కడుతున్నాను. ఇంట్లో ఇంకెవరూ లేరు.

“రేపు ఆఖరు దినమట ఆఫీసుల” అన్నది. కాసేపాగి, “మీ మామ ఒకటంటడు. నేను ఒకటంట. వాడు ఇద్దరి దిక్కు చూస్తడు. నువ్వేమంటవు?” అన్నది.

చేతిలో కట్ట పక్కన పెట్టాను. ఇన్ని నెలలు పొయ్యి ముందు చెప్పుకున్న జవాబు నోటి దాకా వచ్చేసరికి చాలా చిన్నదైపోయింది.

“బాయిలకు వద్దత్తా.”

“క్వార్టర్ పోతది.”

“పోతది.”

“దవాఖాన పోతది. రేపు నీకు పిల్లలైతరు.”

“అయితరు. బాయిల ఆపదని సైరన్ మోగినప్పుడల్లా వాళ్లను ఎత్తుకోని బాయి గడ్డకు ఉరుకుడు నాకు వద్దు. మొన్న మాఘంల మీరు ఉరికిండ్రు. నేను మీ ఎనక ఉరికిన. మీ కాలి చెప్పు జారింది, మీరు చూసుకోలె. నేను చూసిన.”

అత్త పూలు దూస్తూనే ఉంది. తంగేడు కొమ్మ మొత్తం ఖాళీ అయ్యాక కూడా ఆమె వేళ్లు దాని మీద కిందికీ మీదికీ పోతున్నాయి.

మర్నాడు పొద్దున మామ, మా ఆయన బయలుదేరుతుంటే అత్త ఉతికిన చీర కట్టుకుని వచ్చి నిలబడింది. నన్ను కూడా రమ్మన్నది. ఆఫీసులో మంథని నుంచి వచ్చిన గుమస్తా వామనరావు గారు రిజిస్టరు తెరిచి, “పోశం, మీ అబ్బాయి పేరు రాయమంటారా?” అని అడిగారు. మామ నోరు తెరిచేలోపల అత్త ముందుకు జరిగింది.

“రాయకు సారూ. వాడు రాడు.”

వామనరావు గారు కళ్లద్దాలు పైకి తోసుకున్నారు. “బాగా ఆలోచించుకున్నారా అమ్మా? మళ్లీ అడిగితే ఉండదు.”

“ఆలోచన జేసిన సారూ. నిన్న పగటీలి నుంచి పొద్దటి దాక అదే చేసిన.”

మామ ఆమె వైపు చూశాడు. ఆమె ఆయన వైపు చూడలేదు. మా ఆయన సంతకం పెడుతుంటే కలం రెండుసార్లు ఆగింది, సిరా లేకనో మరెందుకో. బయటికి వచ్చాక మామ ఒక్కడే ముందు నడిచాడు, గబగబా, ఎవరూ మొహం చూడకుండా.

బిక్షం అన్న దుకాణం వెనక కిరాయికిచ్చే రెండు గదుల పెంకుటిల్లు ఖాళీగా ఉంది. అత్త అటువైపు తిరిగింది. తలుపు తోసి లోపలికి పోయి, గోడలు చూసింది, కప్పు చూసింది, ఒక మూల వాన కారిన మరక దగ్గర మూతి తిప్పింది. కిటికీ లోంచి గాలి ఎటు వస్తున్నదో కొంగు పట్టుకుని చూసింది. తర్వాత గది మధ్యలో నిలబడి నన్ను పిలిచింది.

“అనసూర్యా, ఇటు రా. పొయ్యి యాడ ఏస్తవో చెప్పు. వండేది నువ్వు గదా.”